దుమ్ము దగ్గు

2008 నవంబర్ 12, బుధవారం

ఈ రోజు బట్టలు రెండుసార్లు ఉతికాను. మూడోసారి ఉతకను. ఎర్రగా ఉంటే ఎర్రగానే కట్టుకోండని ఇంట్లో అందరికీ చెప్పేశాను.

పొద్దున తీగ మీద ఆరేసిన చిన్ను తెల్ల చొక్కా మధ్యాహ్నానికి ఇటుక రంగుకొచ్చింది. చేలో నుంచి కొత్త వేరుశనక్కాయలు వచ్చాయి కదా అని మంగలంలో వేయించి, ఒలిచి, వరండాలో చాట నిండా పోశాను. సరిగ్గా అప్పుడే మా బావ ఇంద్రసేన టిప్పరు, నిండా ఇనుప ఖనిజంతో, పైన టార్పాలిన్ పట్టా లేకుండా, మా వాకిట్లోనే రివర్సు తీసుకుంది. చాటలో దుమ్ము, నీళ్ళ బిందెలో దుమ్ము, నా నోట్లో దుమ్ము. ఊళ్ళో వాళ్ళ లారీల మీద ఏడవడానికైనా ఉంటుంది. సొంత బావ లారీల మీద ఎవరితో చెప్పుకోవాలి.

"బావా, పట్టా కప్పేదానికి మీ డ్రైవరుకు చేతులు ల్యావా?" అన్నాను.

"పట్టా కప్పాలంటే పదినిమిషాలు పడతాదిమ్మా. ఆ పదినిమిషాల్లో లోడింగు కాడ ఇంగొకని బండి ముందుకు పోతాది" అన్నాడు, ఫోను చెవి దగ్గర పెట్టుకునే.

ఇక ఆగలేకపోయాను. రెండేళ్ళుగా మింగినవన్నీ కక్కాను. నేను అరుస్తూంటే నా మోకాలి దగ్గర నిలబడి గింజలు తింటున్న చిన్ను ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టాడు. మామూలు దగ్గు కాదు. ముఖం కందిపోయింది, పెదాలు నల్లబడ్డాయి, కళ్ళలో నీళ్ళు. వాణ్ణి రెండు చేతులా ఎత్తి బావ ముఖం ముందు పెట్టాను. "చూడు బావా, కండ్లారా చూడు. నీ దుమ్ముకి నా కొడుకు ఎట్ల దగ్గుతాండాడో."

మా అత్త అక్కమ్మ వచ్చి వాణ్ణి లాక్కుని, ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు మీద నాలుగు చరిచింది. కాసేపటికి తగ్గింది. ఏడ్చాడు, నీళ్ళు తాగాడు, పడుకున్నాడు.

ఇంద్రసేన తల దించుకుని వెళ్ళిపోయాడు. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి ఆ మనిషి నా మాటకు వెనక్కి తగ్గడం చూశాను. సంతోషం వేసింది. రాసుకుంటే తప్పేముంది, ఈ డైరీ చదివేదెవరు. టైర్ల షాపువాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ. ప్రతి పేజీ అడుగున లారీ బొమ్మ.

నవంబర్ 13

చిన్ను బాగున్నాడు. దుమ్ము కూడా బాగానే ఉంది.

నవంబర్ 15, శనివారం

మళ్ళీ దగ్గు. ఊపిరి వదిలేటప్పుడు సన్నగా ఈల శబ్దం. ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగిపోతున్నాడు. రెండేళ్ళు నిండని పిల్లవాడు ఆయాసపడి కూర్చోవడం ఏమిటి.

మా తారానగర్‌లో సూది వేసేది వెంకటప్పయ్య ఒక్కడే. ఏ డాక్టరు చదువూ చదవలేదు, బళ్ళారిలో ఒక డాక్టరు దగ్గర ఎనిమిదేళ్ళు కాంపౌండరు. స్టెతస్కోపు పెట్టాడో లేదో, "దుమ్ము దగ్గుమ్మా. ఊర్లో నూటికి తొంబైమందికి ఇదే" అన్నాడు. ఆవిరి మిషను ముక్కుకు పెట్టి, సూది వేసి పంపాడు. ఈ ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గు దుమ్ము దగ్గే, చంటిపిల్లల దగ్గు దుమ్ము దగ్గే. చివరికి కోళ్ళు తుమ్మినా దుమ్మే.

సాయంత్రం చక్రధర్ రాగానే చెప్పాను. మా ఆయన పగలంతా అన్న దగ్గరే, లారీలు తూచే కాటా దగ్గర చీటీలు రాస్తాడు. "దుమ్ము అని నేను చెప్పడం కాదు, వెంకటప్పయ్యే చెప్పినాడు. పోయి మీ అన్నకు చెప్పు" అన్నాను. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఇరవై నిమిషాలు కడుక్కున్నాడు.

నవంబర్ 17, సోమవారం

జ్వరం, 102.

మా అత్త వాడికి ఉన్ని టోపీ పెట్టి, రెండు దుప్పట్లు కప్పి, కిటికీలు మూసి, గుండెకు కర్పూరం నూనె రుద్దింది. లోపల పిల్లవాడు ఉడికిపోతున్నాడు. నేను వచ్చి అన్నీ తీసేశాను. పల్చటి చొక్కా ఒకటి ఉంచి, మామూలు నీళ్ళలో గుడ్డ తడిపి ఒళ్ళంతా తుడిచాను. బరువును బట్టి జ్వరం మందు పోశాను. గుక్క గుక్కగా నీళ్ళు, పాలు తాగించాను.

"సన్నీళ్ళు తగిలిస్తే సలి లోపలికి పోతాది మే" అంటుంది అత్త.

"సలి కాదత్తా, సెగ. బయటికి పోనియ్యాల" అన్నాను.

నాలుగింటికి జ్వరం దిగింది. వాడు లేచి కుక్కపిల్లను తరుముతూంటే మా అత్త నావైపు చూడలేదు. నా మాటే నిజమైంది. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

నవంబర్ 19, బుధవారం

ఒళ్ళు మండిపోతోంది.

మధ్యాహ్నం బియ్యం ఏరుతూ మా అత్త మెల్లగా మొదలుపెట్టింది. "మే అనూషా, ఆ పొద్దు పిల్లోని చేతిలో బుడ్డలుండె గదా. గింజేమన్నా గొంతులో అడ్డం పడిందేమో. బళ్ళారికి ఎత్తుకపోయి చూపిస్తామా."

నాకు వెంటనే అర్థమైంది. ఈ మాట ఆమెది కాదు. పెద్దకొడుకు నేర్పించి పంపాడు. లారీలది తప్పు కాదు, దుమ్ముది తప్పు కాదు, వేరుశనక్కాయలది తప్పు. అవి వేయించింది ఎవరు, నేను. అంటే తప్పు నాది. ఎంత చక్కగా తిప్పారు.

"అత్తా, మీ పెద్దకొడుకు లారీలు తిరగాలంటే ఇంగ ఏమేం చెప్తారు? ఈ పొద్దు బుడ్డలంటిరి. రేపు తల్లి పాలు తాగినందుకే దగ్గంటారా?"

చాట మీద ఆమె చెయ్యి ఆగింది. "నాకేం తెలుస్తాది. మనసుకు తోచింది, చెప్తి" అని లేచి లోపలికి పోయింది.

ఇంత వయసొచ్చి ఇలా అబద్ధాలాడుతుందా. సొంత మనవడి ఊపిరి మీద. ఆమె చేతి నీళ్ళు కూడా తాగను ఇక. గొంతులో ఏమైనా ఇరుక్కుంటే అన్నం దిగుతుందా? పొద్దున మూడు ఇడ్లీలు తిన్నాడు. మూడు. పాలు తాగాడు. ఇరుక్కుంటే దిగుతుందా?

నవంబర్ 20

మూడు ఇడ్లీలు తిన్నాడు ఈ రోజు కూడా.

నవంబర్ 23, ఆదివారం

గనుల ఆఫీసరుకు అర్జీ రాశాను. ఊరికే నోరు పారేసుకునేదాన్ని కాదని తెలియాలి వీళ్ళకి. లారీలకు పట్టా కప్పాలి, రోజూ మూడుసార్లు రోడ్డు మీద నీళ్ళు చల్లాలి, బడి ఉన్నంతసేపు బండ్లు ఊరి బయట దారిలో పోవాలి. మూడే కోరికలు. కింద దగ్గుతున్న పిల్లల పేర్లు, వయసు. ఇంటింటికీ తిరిగి రాసుకున్నాను. ఇరవై ఏడుమంది.

మొదటి పేరు చిన్నుదే పెట్టాను. లారీల ఇంటి పిల్లవాడే దగ్గుతున్నాడంటే ఆఫీసరు కూడా ఆలోచిస్తాడు. రెండో పేరు యంకమ్మ, ఆరేళ్ళు, మా ఇంటి వెనక ఓబమ్మ కూతురు. ఓబమ్మ గనిలో రాళ్ళు ఏరుతుంది. వేలిముద్ర వేస్తూ అడిగింది, "అమ్మా, మీ పిల్లోని పేరే పైన ఏస్తిరి గదా, ఇంగ మమ్మల్ని ఎవురూ ఏమనరు గదా?"

ఎవరూ ఏమీ అనరన్నాను.

చక్రధర్ అర్జీ కాగితం చూసి, "మొదట మన పిల్లోని పేరే రాయాల్నా అనూ?" అన్నాడు. మరెవరిది రాయాలి? ఈ దుమ్ము ఎవరి ఇంటినుంచి లేస్తోందో ఆ ఇంటి పేరే మొదట ఉండాలి.

నవంబర్ 28, శుక్రవారం

దగ్గు తగ్గలేదు. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. సోమవారం సండూరు తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు దుమ్మేనన్నాడు. తారానగర్ అని చెప్పగానే దుమ్మనేశాడు, ఊరిపేరు విన్నాక పిల్లవాడి ఛాతీ వైపు కూడా సరిగ్గా చూడలేదు. మందు మార్చాడు. ఆ మందుకి విరేచనాలు పట్టుకున్నాయి.

మా అత్త నీళ్ళు తాగించొద్దంది, తాగితే ఇంకా పోతాయట. పోయిన నీళ్ళకు బదులు నీళ్ళు పొయ్యకపోతే పిల్లలు ఎండిపోతారని నేను చదివాను. ఓఆర్ఎస్ పొట్లం పొడిని లీటరు కాచిచల్లార్చిన నీళ్ళలో కలిపి, చెంచాతో పోస్తూనే ఉన్నాను. పాలు ఆపలేదు, గంజి ఆపలేదు. రెండు రోజులకు కట్టుకున్నాయి. ఇందులోనూ నాదే నిజమైంది. ఈ ఇంట్లో ఒక్కరైనా పోనీలే అనూషకు తెలుసు అంటారేమోనని చూశాను.

విరేచనాలు పోయాయి. దగ్గు పోలేదు.

డిసెంబర్ 3, బుధవారం

బళ్ళారి వెళ్ళొచ్చాం. చర్చి వెనక పిల్లల డాక్టరు జీవానందం గారు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతారు. చిన్ను చొక్కా విప్పించి, గడియారం చేతిలో పట్టుకుని, పొట్ట పైకి కిందికి కదలడం నిమిషమంతా లెక్కపెట్టారు. నలభై నాలుగు. ఇప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత ఎడమవైపు విన్నారు, కుడివైపు విన్నారు, మళ్ళీ కుడివైపు విన్నారు.

"కుడిపక్క గాలి సరిగా పోవడంల్యా" అన్నారు. "ఎప్పుడన్నా తినేటప్పుడు ఒగేసారి దగ్గు పట్టుకొని, ముఖం నల్లబడిందా? పూస, గింజ, ఏమన్నా?"

లేదన్నాను.

ఎక్స్‌రే తీయించారు. దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి మళ్ళీ అడిగారు. "బాగా ఆలోచన చేసి చెప్పమ్మా. గింజలాంటిది ఎక్స్‌రేలో కనపడదు. తల్లే చెప్పాల."

"లేదు సార్. మా ఊరి దుమ్ము ఒగసారి వచ్చి చూడండి సార్. దుమ్ముకే."

"దుమ్ము పీలిస్తే రెండు పక్కలా పోతాదమ్మా. ఒగ పక్కకే యాల పోతాది?"

చిన్నును ఆస్పత్రిలో చేర్పించి, మత్తిచ్చి, గొట్టం వేసి చూస్తే మంచిదన్నారు. నేను బ్యాగులోంచి అర్జీ నకలు తీశాను. పన్నెండో తారీఖు ఆఫీసరు విచారణకు వస్తున్నాడు సార్, ఇది దుమ్ము వల్ల వచ్చిన జబ్బని ఒక సర్టిఫికెట్ రాసివ్వండి అని అడిగాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను చూసింది రాస్తాను. నువ్వు చెప్పింది రాయలేను."

అందుకే అంటారు డబ్బున్నవాడిదే రాజ్యమని. ఈ జిల్లాలో గనివాళ్ళు కొననిది ఏముంది. ఈ పెద్దాయన్నీ కొన్నారు. ఆస్పత్రి వద్దని పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చేశాను. గుమ్మం దాకా వెంట వచ్చి చక్రధర్ చేతిలో ఆయన ఫోను నంబరు పెట్టారు. నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి, నలభై దాటుతూ పోయినా, పక్కటెముకల కింద గుంట పడినా, పాలు తాగలేకపోయినా, మగతగా పడున్నా ఆగకుండా రండి అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. దగ్గు ఏ రోజు, ఏం చేస్తూంటే మొదలైందో గుర్తు తెచ్చుకోండని.

బస్సు దిగేముందు చక్రధర్ అడిగాడు, "ఆ పొద్దు బుడ్డలు తింటాన్నాడు గదా?"

నువ్వు ఇంట్లో ఉన్నావా ఆ రోజు, అన్నాను. లేడు. మరి నోరు మూసుకో అన్నాను.

డిసెంబర్ 4

నిమిషానికి 44. లేదనే చెప్పాను. లేదు కనుక.

డిసెంబర్ 5

పొద్దున 46. మధ్యాహ్నం 49. ఇడ్లీ సగం తిన్నాడు.

డిసెంబర్ 6, శనివారం

పొద్దున తొమ్మిదింటికి 54. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. పాలు రెండు గుక్కలు తాగి వదిలేశాడు. చక్రధర్ డాక్టరు గారికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు.

"దగ్గు ఏ తారీఖున మొదలైందమ్మా?" అన్నారాయన.

తారీఖు కావాలి. డైరీ తెరిచాను. పదిహేను, శనివారం. దానికి ముందు పదమూడు, బాగున్నాడు. దానికి ముందు పన్నెండు.

నా చేతిరాతే. నేను రాసిందే. నా మోకాలి దగ్గర నిలబడి గింజలు తింటున్న చిన్ను ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టాడు. ముఖం కందిపోయింది, పెదాలు నల్లబడ్డాయి.

అంతా రాసే ఉంది. ఇరవై నాలుగు రోజులుగా టైర్ల షాపు డైరీలో రాసే ఉంది.

"గింజలు తింటాన్నాడు సార్" అన్నాను. "పన్నెండో తారీఖు. బుడ్డలు. నేను చూసినా సార్."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నోట్లో వేలు పెట్టి తియ్యాలని చూడొద్దు. వీపు మీద కొట్టొద్దు ఇంగ. నిలువుగా ఎత్తుకొని రా. ఏమీ తాపొద్దు. ఆస్పత్రిలో నేను చెప్పిపెడతా" అని పెట్టేశారు.

ఇంద్రసేన జీపులోనే వెళ్ళాం, ఇంకేముంది గనుక. దారిలో ఖనిజం లారీలు, కనుచూపు మేర వరసగా నిలబడిపోయాయి. ఒక బండి అడ్డం తిరిగిందట. కిటికీలు మూసినా లోపలికి ఎర్ర దుమ్ము. చిన్ను నా భుజం మీద తల వాల్చి మూలుగుతున్నాడు. వాడి ముక్కుపుటాలు లేచి పడుతుంటే చూడలేక నేను రోడ్డునంతా తిట్టాను, లారీలను తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను, బయటికే. ఇంద్రసేన దిగి ముందుకు పరుగెత్తాడు. ఒక్కొక్క డ్రైవరు తలుపూ కొట్టి, బతిమాలి, బూతులు తిట్టి, ఒక లారీని పొలంలోకి దింపించి దారి తీశాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన కనురెప్పలు కూడా ఎర్రగా ఉన్నాయి. ఆయన దగ్గుతూనే జీపు నడిపాడు.

ఇప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపలికి తీసుకెళ్ళి గంటయింది. మా అత్త ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె నన్ను ఏమన్నా అంటే బాగుండును.

డిసెంబర్ 8, సోమవారం

బతికాడు.

సగం గింజ. నాని, ఉబ్బి, కుడివైపు గాలిగొట్టంలో కూర్చుని ఉందట. దాని వెనక చీము పట్టింది. చిన్న సీసాలో వేసి చూపించారు. చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఇంకో రెండు రోజులు ఆగుంటే కుడి ఊపిరితిత్తి పనికి రాకుండా పోయేదన్నారు. ఐదేళ్ళ లోపు పిల్లలకు గింజలు గింజలుగా పెట్టకూడదట, పొడి చేసి పెట్టాలట. జ్వరానికి ఏం చెయ్యాలో తెలుసు, విరేచనాలకు ఏం చెయ్యాలో తెలుసు. అన్నీ తెలుసు అనుకునేదానికి ఇది తెలియలేదు.

ఊపిరి 32.

డిసెంబర్ 10, బుధవారం

ఇంటికొచ్చాం. వచ్చేసరికి ఊరంతా తెలుసు.

సీసా చక్రధర్ జేబులో ఉండింది. అన్న అడిగితే ఇచ్చాడట. అడిగితే ఇచ్చేశాడు. ఇంద్రసేన దాన్ని బస్టాండు దగ్గర టీ హోటల్లో టేబుల్ మీద పెట్టి, వచ్చినవాడికల్లా చూపిస్తున్నాడట. "ఇదప్పా దుమ్ము" అంటున్నాడట. ఎల్లుండి విచారణ.

శనివారం నా కొడుకు కోసం లారీల మధ్య పరుగెత్తిన మనిషే ఇది. ఆ రోజు ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఈ రోజు అవే చేతులతో ఆ టేబుల్ తలకిందులు చెయ్యాలనిపిస్తోంది. రెండూ నిజమే, ఏది రాయను.

ఓబమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "అమ్మా, అర్జీ ఎనక్కి తీసుకుంటారంట గదా. నన్ను పనిలోకి రావద్దన్నారు ఈ పొద్దు" అంది. ఎవరూ ఏమీ అనరని చెప్పింది నేనే. ఆమె వెనక యంకమ్మ దగ్గుతోంది. ఆ పిల్ల దగ్గు నేను ఎప్పుడైనా విన్నానా? పేరు రాసుకున్నాను, వయసు రాసుకున్నాను. విన్నది మాత్రం ఈ రోజే.

డిసెంబర్ 12, శుక్రవారం

బడి ఆవరణలో కుర్చీలు వేశారు. ఆఫీసరు అర్జీ తెరిచాడో లేదో, ఇంద్రసేన లేచి సీసా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాడు.

"సార్, మొదటి పేరు సదవండి. మా తమ్ముని కొడుకు. వాని దగ్గు ఈ సీసాలో ఉండాది."

మగవాళ్ళంతా నవ్వారు. చక్రధర్ నవ్వలేదు, నేల చూశాడు. నేను లేచాను.

"నిజమే సార్. నా కొడుకుది దుమ్ము కాదు. బుడ్డ గింజ. చూసి గూడ చెప్పలే, తప్పు నాది." ఆయన చేతి పక్కనున్న పెన్ను తీసుకుని, చిన్ను పేరు నేనే కొట్టేశాను. "ఇంగ ఇరవై ఆరుమంది ఉండారు."

"ఇవిగూడ ఇట్లాంటివే సార్" అన్నాడు ఇంద్రసేన.

అప్పుడు ఓబమ్మ యంకమ్మను చెయ్యిపట్టి ముందుకు లాక్కొచ్చింది. "నా బిడ్డ బుడ్డలు మింగలే సార్. కొనిపెట్టే తాకత్తు నాకు ల్యా. రెండేండ్లాయ దగ్గబట్టి. రెండు పక్కలా చూడండి."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు యంకమ్మను దగ్గరికి పిలిచి ఏదో అడిగాడు, ఆ పిల్ల జవాబు చెప్పబోయి దగ్గింది, చాలాసేపు దగ్గింది. ఆయన పెన్ను తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. పిల్లలందరినీ డాక్టరుకు చూపించి రిపోర్టు పెట్టండి అన్నాడు. ఇరవై ఒకటో తారీఖు ఆదివారం వచ్చి చూస్తానని జీవానందం గారు ఫోనులో ఒప్పుకున్నారు. చూసిందే రాస్తానమ్మా అని మళ్ళీ అన్నారు.

అదే రాయండి సార్ అన్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

మధ్యాహ్నం చిన్ను నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టి, ఇక్కడ రాయబోయాను. మా అత్త వేరుశనగలు రోట్లో మెత్తగా దంచుతోంది, వాడికి అన్నంలో కలపడానికి. దంచడం ఆపి అడిగింది.

"దినామూ ఏందో రాస్తాంటావే, ఏముంటాది దాంట్లో?"

ఆమెకు చదువు రాదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నేను నవంబర్ పంతొమ్మిది పేజీ తీసి, మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. ఇంత వయసొచ్చి అబద్ధాలాడుతుందా అన్నది చదివాను. ఆమె చేతి నీళ్ళు తాగనన్నది చదివాను. మూడు ఇడ్లీలు చదివాను. చదివి, కాళ్ళు పట్టుకోవడానికి వంగాను.

మా అత్త రోకలి అడ్డం పెట్టింది.

"నువ్వు రాసిండేది అంతా అబద్ధమేం కాదులే. పెద్దోడు నేర్పలే, నాకే తోచె. అయితే ఆ మాట చెప్పేటప్పుడు నా కండ్ల ముందర చిన్నుగాడొక్కడే ల్యాడు. పెద్దోని బండ్లు గూడ ఉండె. బిడ్డ కోసమే చెప్పింటే, నువ్వు అరిస్తే మాత్రం నేను ఊరికే లోపలికి పోదునా? ఎత్తుకొని బస్సెక్కేదాన్ని. నీకు కోపమొచ్చిందని నేను గమ్మునైపోతి. పదిహేడు దినాలు ఊరికే కూచుంటి."

వాడి దగ్గును నేను లారీల మీదికి విసిరాను, ఆమె లారీలను కాపాడుకోవడానికి అడ్డం పెట్టింది. వాడు మా ఇద్దరి మధ్య దగ్గుతూ తిరిగాడు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో ఇప్పుడు బాగా తెలుసు, తెలిసినా తగ్గడం లేదు.

వాకిట్లో టిప్పరు ఆగిన చప్పుడైంది. అదే బండి, అదే డ్రైవరు, పైన పట్టా లేదు. మా అత్త రోకలి చేతిలో పట్టుకునే బయటికి వెళ్ళింది. పెద్దకొడుకు ఉన్నాడో లేడో చూడలేదు. బండి ముందు, రోడ్డు మధ్యలో నిలబడింది.

"పట్టా కప్పప్పా. పది నిమిషాలైనా పర్వాల్యా. కప్పినాకనే పోదువు."

డ్రైవరు నావైపు చూశాడు. నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. పది నిమిషాలు కాదు, ఏడు నిమిషాలు పట్టింది పట్టా కప్పడానికి. గడియారం చూస్తూనే ఉన్నాను.

లోపలికి వస్తూ ఆమె అడిగింది, "ఈ పొద్దు ఊపిరి ఎన్ని?"

"ఇరవై ఆరు" అన్నాను.

"రాసి పెట్టుకో" అంది.